బైపాడ్ మీద రైఫిల్ గురి కుదరాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

బైపాడ్ (రైఫిల్ ముందు భాగానికి బిగించే రెండు కాళ్ల ఆధారం) కొత్తగా బిగించుకుని రేంజ్‌కి వచ్చినవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. విడివిడిగా చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే మేలని కూర్చున్నాను. బోర్లా పడుకుని కాల్చేవాళ్లని మనసులో పెట్టుకుని రాశాను. బెంచి మీద కాల్చేవాళ్లకీ చాలామటుకు ఇదే పనికొస్తుంది. కుడిచేతివాటం వాళ్లకి చెప్పినట్టు రాశాను, ఎడమచేతివాటం వాళ్లు కుడిఎడమలు మార్చి చదువుకోండి.

ఒక్క మాట ముందే. కింద ఎక్కడ ‘చూసుకోండి’, ‘పరీక్షించండి’ అన్నా, ఛాంబర్ (బారెల్ వెనక తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందని కంటితో చూసి, వేలితో తడిమి, బారెల్‌ని టార్గెట్ వైపే ఉంచి చేయమని అర్థం.

ఇసుక సంచి మీద గ్రూప్ (ఒకే గురితో కాల్చిన తూటా రంధ్రాల గుంపు) బాగానే వచ్చేది. బైపాడ్ పెట్టాక పెద్దదైంది. ఎందుకు?

చాలామందికి మొదట ఇలాగే అవుతుంది. ఇసుక సంచి మెత్తన. మనం చేసే చిన్న చిన్న తప్పుల్ని తనలో కలిపేసుకుంటుంది. బైపాడ్ అలా కాదు. రెండు సన్నటి కాళ్లు, చివర రబ్బరు, మధ్యలో స్ప్రింగులు, కీళ్లు. మీరు పెట్టిన ఒత్తిడిని పట్టి ఉంచి, పేలగానే తిరిగి రైఫిల్‌కే ఇచ్చేస్తుంది. ఒక్కో తూటాకీ ఒక్కోలా ఒత్తిడి పెడితే ఒక్కోలా తిరిగొస్తుంది.

తూటా బయటికి వెళ్లాక రైఫిల్ ఎటు ఎగిరితే ఏమిటని కొందరంటారు. కానీ తూటా ఇంకా బారెల్‌లో ఉండగానే రైఫిల్ కదలడం మొదలుపెడుతుంది. లెక్క వేసి చూడండి. తూటా 11 గ్రాములు, రైఫిల్ 5.5 కిలోలు. అంటే రైఫిల్ 500 రెట్లు బరువు. తూటా బారెల్‌లో 60 సెంటీమీటర్లు ముందుకు వెళ్లేలోపు రైఫిల్ అందులో 500వ వంతు, 1.2 మిల్లీమీటర్లు, వెనక్కి వస్తుంది. తుపాకిమందు బరువు కలిపితే ఇంకాస్త ఎక్కువే. ఇంత చిన్న కదలికతో ఏమవుతుందిలే అనిపించవచ్చు. బైపాడ్ కాళ్లకీ వెనక సంచికీ మధ్య దూరం 60 సెంటీమీటర్లు అనుకోండి. ముందు భాగం 0.17 మిల్లీమీటర్లు లేస్తే చాలు, 100 మీటర్ల దగ్గర తూటా దాదాపు 3 సెంటీమీటర్లు పైన తగులుతుంది. 0.17 మిల్లీమీటర్లంటే మామూలు తెల్లకాగితాలు రెండు కలిపినంత మందం కూడా లేదు.

కాబట్టి బైపాడ్‌ని రైఫిల్‌ని కదలకుండా పట్టే సాధనం అనుకోవద్దు. రైఫిల్ ఎలాగూ కదులుతుంది. ప్రతిసారీ ఒకేలా కదిలేట్టు చూసుకోవడం మన పని.

రైఫిల్ వెనక ఎలా పడుకోవాలి?

తిన్నగా. వెన్నెముక, బారెల్ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. రెండు భుజాలూ టార్గెట్‌కి సమానంగా ఎదురుగా ఉండాలి. బట్ (భుజానికి ఆనే రైఫిల్ వెనక కొస) మరీ భుజం చివరికి పోకుండా, మెడకి దగ్గరగా, కాలర్ ఎముక పక్కన కూర్చోవాలి. కాళ్లు వెడల్పుగా చాపి మడమలు నేలకి ఆనేట్టు పెట్టుకుంటే నడుము కదలదు.

స్లింగ్ (చేతికి బిగించే రైఫిల్ పట్టీ) కట్టుకుని కాల్చడం ముందు నేర్చుకున్నవాళ్లకి ఒంటిని ఎడమకి ఏటవాలుగా పెట్టి పడుకోవడం అలవాటై ఉంటుంది. స్లింగ్‌తో అది సరైన పద్ధతే. బైపాడ్‌తో మాత్రం అదే ఇబ్బంది పెడుతుంది. రైఫిల్ తన్నినప్పుడు వెనక ఒళ్లు నిండుగా అడ్డం ఉండాలి. ఏటవాలుగా పడుకుంటే భుజం మాత్రమే అడ్డం ఉంటుంది, అది పక్కకి జారిపోతుంది, బట్ దానితోపాటే పోతుంది, బారెల్ ఎడమకి దూకుతుంది.

మీరు ఎలా పడుకున్నారో మీకు కనిపించదు. తెలిసినవాళ్లెవరినైనా మీ కాళ్ల వెనక, తగినంత దూరంలో నిలబడి చూడమనండి. ఎవరూ లేకపోతే రైఫిల్ మీది గురి దుర్బిణిని, అంటే స్కోప్‌నే అడగండి. పేలిన తరవాత రెటికల్ (స్కోప్‌లో కనిపించే గురి గీతలు) ఎక్కడికి పోయిందో చూడండి. కొద్దిగా పైకి లేచి మళ్లీ టార్గెట్ మీదికే దిగితే కుదిరినట్టు. పక్క లేన్ టార్గెట్ కనిపిస్తోందంటే కుదరలేదు. ఎడమకి దూకుతుంటే నడుము కొద్దిగా కుడికి జరపండి, ఒక అరచేయి వెడల్పు చాలు. మళ్లీ కాల్చి చూడండి. స్కోప్ పవర్ బాగా పెంచి ఉంటే ఇది తెలియదు. నేర్చుకునే రోజుల్లో 10 రెట్ల దగ్గర ఉంచితే పేలుడు తరవాత ఏం జరిగిందో కళ్లారా చూడగలరు.

గురి కుదిరిందనుకుంటాను, కానీ ట్రిగ్గర్ నొక్కేసరికి రెటికల్ పక్కకి పోతుంది. ఏం చేయాలి?

కండరాలతో లాగి పట్టుకుంటున్నారు. పరీక్ష సులువు. టార్గెట్ మీద గురి పెట్టండి. కళ్లు మూసుకోండి. రెండుసార్లు ఊపిరి పీల్చి వదలండి, ఒళ్లు వదులు చేయండి. కళ్లు తెరవండి. రెటికల్ ఎక్కడుందో అదే మీ సహజమైన గురి. టార్గెట్‌కి పక్కగా ఉంటే చేత్తో రైఫిల్‌ని నెట్టొద్దు. బైపాడ్ కాళ్లని ఎత్తి జరపండి, లేదా ఒంటిని జరపండి. మళ్లీ కళ్లు మూసుకుని చూడండి. మూడు నాలుగుసార్లు చేయాల్సి వచ్చినా విసుక్కోవద్దు. పోటీల్లో పేరున్నవాళ్లు మొదటి తూటాకి ముందు ఎక్కువ సమయం పెట్టేది దీనిమీదే.

‘బైపాడ్‌ని లోడ్ చేయి’ అంటారు. అంటే ఏమిటి? ఎంత గట్టిగా నెట్టాలి?

భుజంతో రైఫిల్‌ని కొద్దిగా ముందుకు ఒత్తి, కాళ్ల కీళ్లలో ఉన్న వదులంతా పోయేట్టు చేయడాన్ని లోడ్ చేయడం అంటారు. ప్రతి బైపాడ్‌లోనూ ఎంతో కొంత ఆట ఉంటుంది. దాన్ని అలాగే వదిలేస్తే పేలినప్పుడు రైఫిల్ ముందు ఆ ఆటలో కదిలి, తరవాత ఆగుతుంది. ఆగే చోటు ప్రతిసారీ ఒకటి కాదు.

నేను చేసే పద్ధతి చెబుతాను. మోచేతులు నేల మీద పెట్టి, ఛాతీ కొద్దిగా ఎత్తి, బట్‌ని భుజంలో పెట్టుకుంటాను. తరవాత ఛాతీని నేల మీదికి దించుతాను. దించేటప్పుడు ఒళ్లు ఒక అంగుళం ముందుకి వస్తుంది. ఆ బరువుతోనే బైపాడ్ కాళ్లు ముందుకి ఒరిగి బిగుసుకుంటాయి. అంతే, కాలివేళ్లతో తన్ని నెట్టడం లేదు, చేతులతో లాగడం లేదు. ఒంటి బరువు అలసిపోదు, కండరం అలసిపోతుంది. పదో తూటాకి తేడా అక్కడే తెలుస్తుంది.

ఎంత అన్నదానికి కొలత ఇవ్వలేను, ఇచ్చినా ఉపయోగం లేదు. మొదటి తూటాకి ఎంత పెట్టారో చివరిదానికీ అంతే పెట్టాలి. మరీ ఎక్కువ నెడితే తెలిసిపోతుంది. మీ నాడి కొట్టుకోవడం రెటికల్‌లో కనిపిస్తుంది, కాళ్లు ఉన్నట్టుండి సర్రున జారతాయి. తక్కువైతే పేలగానే బైపాడ్ గంతు వేస్తుంది.

లోడ్ తప్పనిసరి కాదు. కాళ్ల కింద పట్టు లేని చోట, నున్నటి బల్ల మీద, నెట్టాలని చూస్తే జారడం తప్ప ఫలితం ఉండదు. అక్కడ తేలిగ్గా ఆనించి వదిలేయడమే మంచిది. బైపాడ్‌తో దూరం కాల్చే ఎఫ్-టీఆర్ పోటీల్లో చాలామంది కాళ్ల చివర చదునైన పట్టీలు పెట్టి, రైఫిల్ వెనక్కీ ముందుకీ నునుపుగా జారేట్టు చూసుకుంటారు, అసలు నెట్టరు. రెండు పద్ధతులతోనూ అద్భుతంగా కాల్చేవాళ్లున్నారు. ఒకే గ్రూప్‌లో రెండూ కలిపితేనే చిక్కు.

కాళ్ల కింద నేల ఎలాంటిదైనా పర్వాలేదా?

పర్వా ఉంది, చాలా ఉంది. నేను మొదట్లో కాల్చిన చోట సిమెంటు చప్టా ఉండేది. 100 మీటర్ల దగ్గర ఐదు రంధ్రాలూ నిలువుగా, జడ అల్లినట్టు ఒకదాని కింద ఒకటి పడేవి. అడ్డంగా కొలిస్తే సెంటీమీటరుకి అటూ ఇటూ, నిలువుగా ఐదు పైనే. తూటాల్ని అనుమానించాను. స్కోప్‌ని విప్పి మళ్లీ బిగించాను. రెండు నెలలు అలా గడిచాయి. ఒకరోజు పక్కన కాలుస్తున్న పెద్దాయన ఏమీ అనకుండా ఒక పాత తివాచీ ముక్క తెచ్చి నా బైపాడ్ కాళ్ల కింద వేశారు. అదే రైఫిల్, అదే పెట్టెలోని తూటాలు. తరవాతి ఐదూ రెండు సెంటీమీటర్ల లోపు పడ్డాయి. ఆ ముక్క నా సంచిలో ఇప్పటికీ ఉంది, అంచులు పీచులు పీచులుగా లేచిపోయాయి.

సిమెంటు మీద గట్టి రబ్బరు పెడితే బంతిలా ఎగురుతుంది. మధ్యలో తివాచీ, మందపాటి చాప, దళసరి బట్ట ఏది వేసినా ఆ ఎగురు తగ్గుతుంది. మెత్తటి మట్టిలో వేరే ఇబ్బంది. ఒక్కో తూటాకీ కాళ్లు కొద్ది కొద్దిగా దిగిపోతాయి, అదీ రెండూ సమానంగా దిగవు. మొదలుపెట్టే ముందే కాళ్లని బాగా నొక్కి కూర్చోబెట్టండి. కంకర మీద ముల్లు చివరలు పనిచేస్తాయి, అదే సిమెంటు మీద గీసుకుంటూ జారిపోతాయి. బల్ల మీద కాల్చేవాళ్లు బల్ల ఊగుతోందేమో చూసుకోండి. పలక సన్నగా ఉంటే అదే ఒక స్ప్రింగులా పనిచేస్తుంది.

వెనక సంచి నిజంగా అవసరమా? పిడికిలితో సరిపోదా?

బైపాడ్ ముందు భాగాన్ని మాత్రమే చూసుకుంటుంది. వెనక భాగం గాలిలో ఉంటే సగం పనే అయినట్టు. కొత్తవాళ్లు బైపాడ్ మీద బోలెడు డబ్బు పెట్టి, వెనక సంచి లేకుండా వస్తారు. నా మాట వింటే అటుదిటు చేయండి. సాధారణమైన బైపాడ్, మంచి వెనక సంచి ఉన్నవాళ్లే బాగా కాలుస్తారు.

సంచిని బట్ కింద పెట్టి ఎడమ చేత్తో పట్టుకోండి. నొక్కితే బట్ లేస్తుంది, రెటికల్ దిగుతుంది. వదులు చేస్తే బట్ దిగుతుంది, రెటికల్ పైకి పోతుంది. సంచి ఎత్తు ఎలా ఉండాలంటే, సగం నొక్కినప్పుడు గురి సరిగ్గా మధ్యలో ఉండాలి. పూర్తి బలంతో నొక్కితేనే గురి అందుతోందంటే సంచి చిన్నది. చేయి వణుకుతుంది, ఆ వణుకు నేరుగా టార్గెట్ మీదికి వెళ్తుంది. అలాంటప్పుడు ఇంకో సంచి కిందపెట్టండి, లేదా బైపాడ్ కాళ్లు ఒక గాడి దించండి. ఇసుక నింపింది బరువు, స్థిరంగా కూర్చుంటుంది. ప్లాస్టిక్ గుళికలు నింపింది మోయడానికి తేలిక.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. చాలా స్టాకుల (బారెల్‌ని మోసే, భుజానికి ఆనే రైఫిల్ దిమ్మ) అడుగు వెనక్కి వాలి ఉంటుంది. రైఫిల్ వెనక్కి జరిగితే ఆ వాలు సంచి మీద ఎక్కుతూనో దిగుతూనో పోతుంది, దానితో గురి నిలువుగా మారుతుంది. ప్రతి తూటా తరవాతా రైఫిల్‌ని సంచి మీద పాత చోటికి తెచ్చుకోండి. స్టాక్ మీద చిన్న టేపు ముక్క అంటించి గుర్తు పెట్టుకున్నా తప్పులేదు.

పిడికిలి అత్యవసరానికి పనికొస్తుంది. ఐదు తూటాలు దాటితే పిడికిలి ఎత్తు మారిపోతుంది.

ఎడమ చేత్తో ముందు భాగాన్ని పట్టుకోవచ్చా?

వద్దు. ముందు భాగాన్ని బైపాడ్ మోస్తోంది. చేయి అక్కడికి వెళ్తే రోజుకో రకంగా పట్టుకుంటుంది.

కాళ్లు ఎంత ఎత్తు ఉండాలి?

మెడ నొప్పి పుట్టనంత మేరకు, ఎంత తక్కువైతే అంత మంచిది. ఎత్తు పెరిగేకొద్దీ రైఫిల్ ఊగడం పెరుగుతుంది, ఛాతీ నేల నుంచి లేస్తుంది. నేల సమంగా లేనిచోట ఒక కాలు పొడుగ్గా, ఒకటి పొట్టిగా పెట్టుకోవచ్చు.

బైపాడ్‌ని ఎక్కడ బిగించాలి? స్టాక్ మీద దాని ప్రభావం ఉంటుందా?

ఎంత ముందుకి బిగిస్తే అంత నిలకడ. కాళ్లకీ బట్‌కీ మధ్య దూరం పెరిగితే, అదే చిన్న కదలికకి కోణం తగ్గుతుంది. మొదటి ప్రశ్నలో చెప్పిన లెక్కే ఇది. అయితే స్టాక్ గట్టిదైతేనే. సన్నటి ప్లాస్టిక్ స్టాకుల ముందు భాగం చేత్తో వంచితే వంగుతుంది. బైపాడ్‌ని లోడ్ చేయగానే అది పైకి వంగి బారెల్‌ని తాకుతుంది. బారెల్‌కి ఏదైనా తగిలితే అది అదిరే తీరు మారిపోతుంది, తూటా పడే చోటూ మారుతుంది.

పరీక్ష ఇలా. బారెల్‌కీ స్టాక్‌కీ మధ్య ఒక కాగితం ముక్క దూర్చి ఛాంబర్ వైపు లాగండి. సాఫీగా పోవాలి. ఇప్పుడు అదే పనిని రైఫిల్ బైపాడ్ మీద ఉండగా, భుజంతో ఎప్పటిలా ఒత్తి, వేరేవాళ్లతో చేయించండి. మొదటిసారి పోయిన కాగితం రెండోసారి ఇరుక్కుంటే మీ గ్రూప్ ఎందుకు చెదురుతోందో తెలిసిపోయినట్టే. స్టాక్ మార్చేవరకు లోడ్ బాగా తగ్గించి కాల్చండి.

స్టడ్‌కి (స్టాక్ అడుగున ఉండే చిన్న మర బొడిపె) బిగించే బైపాడ్ అయితే ఆ స్టడ్‌ని ప్రతిసారీ చూడండి. ఒకసారి నా పక్క లేన్‌లో ఒకబ్బాయి పొద్దుటినుంచీ జీరో చేస్తూనే (గురి పెట్టిన చోటే తూటా పడేట్టు స్కోప్ సర్దుతూనే) ఉన్నాడు. నాలుగు క్లిక్కులు కుడికి, మళ్లీ ఆరు క్లిక్కులు ఎడమకి. అడిగి, ఛాంబర్ ఖాళీ చేయించి, బైపాడ్ కాలు పట్టుకుని ఊపితే లోపల టిక్కుటిక్కుమంది. స్టడ్ అరచుట్టు వదులు. బిగించాక ఆ అబ్బాయి ఇక టరెట్ (స్కోప్ మీద గురి సర్దే నాబ్) ముట్టుకోలేదు. స్టాక్‌ని యాక్షన్‌కి (తూటాని ఎక్కించి పేల్చే లోహపు భాగానికి) పట్టి ఉంచే మరలూ అంతే. తయారీదారు చెప్పిన బిగువుకి టార్క్ రెంచితో బిగించండి, చేతి అంచనా వద్దు.

ఏ రకం బైపాడ్ కొనాలి?

బోర్లా పడుకుని కాల్చడానికి 6 నుంచి 9 అంగుళాల ఎత్తు రకం చాలు. పక్కకి వాల్చుకునే వీలున్నది తీసుకోండి, దాని బిగువు సర్దుకునే మర ఉండాలి. హ్యారిస్ కంపెనీది ఈ కొలతల్లో ఎప్పటినుంచో దొరుకుతోంది, నమ్మకంగా పనిచేస్తుంది. అట్లాస్ రకం పక్కకి తిరుగుతుంది కూడా, కాళ్లని ముందుకి 45 డిగ్రీల్లో నిలబెట్టుకోవచ్చు. ఏది కొన్నా కాళ్లు తెరిచి ఊపి చూడండి. కొద్ది ఆట ఉంటే లోడ్‌తో పోతుంది, లొడలొడలాడితే పోదు.

రైఫిల్ కొద్దిగా పక్కకి వాలి ఉంటే ఏమవుతుంది?

దగ్గర దూరాల్లో ఏమీ కాదు, దూరం పెరిగితే చాలా అవుతుంది. స్కోప్‌ని పైకి సర్దేది తూటా కిందికి పడుతుంది కాబట్టి. రైఫిల్ వాలితే ఆ సర్దుబాటు కొంత పక్కకి పోతుంది. తూటా 10 మీటర్లు కిందికి పడే దూరంలో, అంటే .308 రైఫిల్‌తో సుమారు 900 మీటర్ల ప్రాంతంలో, 3 డిగ్రీల వాలు తూటాని 52 సెంటీమీటర్లు పక్కకి తీసుకెళ్తుంది. ఎటు వాలితే అటే పోతుంది. అదే వాలు 100 మీటర్ల దగ్గర అర సెంటీమీటరు కూడా చేయదు. అందుకే 100 మీటర్లు మాత్రమే కాల్చేవాళ్లు ఏళ్ల తరబడి వాల్చి కాల్చినా తెలుసుకోరు.

స్కోప్ మీద చిన్న రసమట్టం బిగించుకోండి. మూడు డిగ్రీలు కంటితో పట్టడం కష్టం, ముఖ్యంగా నేల పక్కకి వాలిన చోట కన్ను నేలనే సమం అనుకుంటుంది.

ఊపిరి, ట్రిగ్గర్ సంగతి?

ఊపిరి వదిలాక, మళ్లీ పీల్చేలోపు సహజంగా ఒక ఆగుడు వస్తుంది. అప్పుడు కాల్చండి. బిగబట్టొద్దు. ఏడెనిమిది సెకన్లు దాటితే చూపు మసకబారుతుంది. అప్పటికి పేలకపోతే వదిలేసి మళ్లీ ఊపిరి తీసుకోండి. ప్రతిసారీ ఊపిరిలో ఒకే చోట ఆగాలి. సగం ఊపిరితో ఒకసారి, ఖాళీ ఊపిరితో ఒకసారి కాలిస్తే ఛాతీ ఎత్తు మారి రంధ్రాలు నిలువుగా సాగుతాయి.

ట్రిగ్గర్ మీద వేలి మొదటి కణుపు మెత్తటి భాగం ఉంచి, నేరుగా వెనక్కి నొక్కండి. పేలాక వేలు వెంటనే వదలొద్దు. వెనక్కే పట్టి ఉంచి, రెటికల్ ఎటు వెళ్లి ఎటు వచ్చిందో చూసి, అప్పుడు వదలండి. ఈ ఒక్క అలవాటు చేసుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. అయినప్పటినుంచీ ప్రతి తూటా ఎక్కడ పడిందో టార్గెట్ చూడకముందే చెప్పగలుగుతున్నాను.

తూటాలు లేకుండా ఇంట్లో సాధన చేయొచ్చు. తూటాలు వేరే గదిలో ఉండాలి, ఛాంబర్ రెండుసార్లు చూడాలి, గురి పెట్టే గోడ వెనక మనుషులు ఉండకూడదు. రెటికల్‌ని చిన్న చుక్క మీద పెట్టి నొక్కండి. టక్కుమన్నప్పుడు రెటికల్ ఉలిక్కిపడితే అది ట్రిగ్గర్ తప్పే. .22 రిమ్‌ఫైర్ రైఫిళ్లలో మాత్రం డమ్మీ తూటా పెట్టి చేయండి. కొన్నింటిలో ఖాళీగా కొడితే ఫైరింగ్ పిన్ ఛాంబర్ అంచుకి తగిలి నొక్కు పడుతుంది.

పారలాక్స్ (కన్ను కదిలితే రెటికల్ టార్గెట్ మీద జరిగినట్టు కనిపించడం) సర్దుబాటు అంత ముఖ్యమా?

తల ప్రతిసారీ ఒకే చోట ఆనితే అంత బాధపెట్టదు. ఆనదు కాబట్టి సర్దుకోండి. రైఫిల్ ముట్టుకోకుండా తల కొద్దిగా పైకీ కిందికీ ఊపండి. రెటికల్ టార్గెట్ మీద తేలుతున్నట్టు కనిపిస్తే నాబ్ తిప్పండి, తేలడం ఆగేవరకు. నాబ్ మీద రాసిన అంకెలు నమ్మకండి.

గ్రూప్ చూసి తప్పు ఎక్కడుందో ఎలా చెప్పాలి?

ఒక్క గ్రూప్ చూసి తీర్పు ఇవ్వొద్దు. వరసగా మూడు నాలుగు గ్రూపులు ఒకే ఆకారంలో వస్తుంటే అప్పుడు ఆకారం మాట్లాడుతుంది.

నిలువుగా సాగితే ముందు బైపాడ్, వెనక సంచి, ఊపిరి. చాలామంది వెంటనే తూటాల వేగంలో తేడా అంటారు. 100 మీటర్ల దగ్గర ఆ వాదన నిలవదు. సెకనుకి 800 మీటర్ల వేగంతో వెళ్లే తూటాలో 15 మీటర్ల తేడా వచ్చినా, అక్కడ ఎత్తులో తేడా సుమారు 3 మిల్లీమీటర్లే. మీకు 4 సెంటీమీటర్ల నిలువు గీత వస్తుంటే అది రైఫిల్ కింద, వెనక ఉన్నవాటి పనే. 600 మీటర్లు దాటాక తూటాల వేగం గురించి మాట్లాడుకుందాం.

అడ్డంగా సాగితే ఒళ్లు ఏటవాలుగా ఉండటం, సహజమైన గురి చూసుకోకపోవడం, ట్రిగ్గర్‌ని పక్కకి నొక్కడం. బయట గాలి ఉంటే గాలి. బైపాడ్ గాలికి ఏమీ చేయలేదు.

రెండు గుంపులుగా పడుతుంటే ఏదో వదులుగా ఉంది. స్టడ్, స్కోప్ మౌంట్, యాక్షన్ మరలు ఈ వరసలో చూడండి. మొదటి తూటా ఒక్కటే దూరంగా, మిగతావన్నీ కలిసి పడితే, మొదటిదానికి బైపాడ్ ఇంకా కుదురుకోలేదని నా మొదటి అనుమానం. కాల్చే ముందు రెండు మూడుసార్లు ఖాళీగా ట్రిగ్గర్ నొక్కి, కాళ్లు నేలలో కుదురుకునేట్టు చూసుకోండి. అప్పటికీ అలాగే వస్తే చల్లటి బారెల్, నూనె తుడవని బారెల్ గురించి ఆలోచించండి.

గ్రూప్ అంటే ఎన్ని తూటాలు?

మూడు చాలవు. మూడు తూటాలు అదృష్టవశాత్తూ కలిసి పడటం తరచూ జరుగుతుంది, ఆ కాగితాన్ని దాచుకుని అదే రైఫిల్ సత్తా అనుకుంటారు. ఏదైనా మార్పు పనిచేసిందా లేదా తేల్చుకోవడానికి పదేసి తూటాల గ్రూపులు పోల్చండి. పది తూటాల గ్రూప్ మూడు తూటాలదానికంటే పెద్దగానే ఉంటుంది, దిగులు పడొద్దు. నిజం అందులోనే ఉంటుంది. బారెల్ వేడెక్కితే ఆగండి, బారెల్ మీద ఆవిరి లేచినట్టు గాలి కదులుతుంటే టార్గెట్ కూడా ఊగినట్టు కనిపిస్తుంది.

సంచి మీద జీరో చేసి బైపాడ్ మీద కాల్చవచ్చా?

ఎలా కాలుస్తారో అలాగే జీరో చేయండి. ఆధారం మారితే రైఫిల్ కదిలే తీరు మారుతుంది, తూటా పడే చోటూ మారవచ్చు. కొన్ని రైఫిళ్లలో తేడా కనిపించదు, కొన్నింటిలో రెండు మూడు సెంటీమీటర్లు ఉంటుంది. మీ రైఫిల్ ఏ కోవకి చెందుతుందో ఐదేసి తూటాలు కాల్చి తెలుసుకుని రాసి పెట్టుకోండి.

బైపాడ్‌తో కాల్చే పోటీలు ఉన్నాయా?

ఒలింపిక్ రైఫిల్ పోటీల్లో బైపాడ్‌కి చోటు లేదు. 50 మీటర్ల పోటీలో బోర్లా పడుకున్నప్పుడు స్లింగ్ వాడతారు. బైపాడ్‌కి సొంత ఇల్లు లాంటిది ఎఫ్-క్లాస్. కెనడాకి చెందిన జార్జ్ ఫార్కర్‌సన్ దీనికి ఆద్యుడు, పేరులోని ‘ఎఫ్’ ఆయనదే. అందులో ఎఫ్-టీఆర్ విభాగంలో .223 రెమింగ్టన్, .308 విన్చెస్టర్ తూటాలే వాడాలి. బైపాడ్, స్కోప్ అన్నీ కలిపి రైఫిల్ 8.25 కిలోలు దాటకూడదు. అమెరికాలో వాడే టార్గెట్‌లో 1,000 గజాల దగ్గర పది పాయింట్ల వలయం వ్యాసం 10 అంగుళాలు, లోపలి ఎక్స్ వలయం 5 అంగుళాలు. రెండు కాళ్ల మీద ఏం సాధ్యమో ఆ అంకెలే చెబుతాయి.

స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌కి బైపాడ్ పెట్టొచ్చా?

పెట్టకపోవడమే మంచిది. స్ప్రింగ్ రైఫిల్‌లో పిస్టన్ కదలడంతోనే రైఫిల్ కదులుతుంది, పెల్లెట్ ఇంకా బయల్దేరదు. పిస్టన్ చివరికి చేరాక ఇంకోసారి ముందుకి కుదుపు. ఈ రెండు కుదుపుల మధ్య పెల్లెట్ బారెల్‌లో ఉంటుంది. గట్టి ఆధారం మీద అది బాగా చెదురుతుంది. అరచేతిలో వదులుగా ఆనించి కాలిస్తేనే అలాంటి రైఫిళ్లు బాగా పలుకుతాయి. ముందే గాలి నింపుకునే పీసీపీ రైఫిళ్లకి ఈ బాధ లేదు, నిశ్చింతగా పెట్టుకోండి.

రేంజ్‌లో ఒక గంట, ఇరవై తూటాలు ఉన్నాయి. ఏం చేయాలి?

మొదటి పది తూటాలు లేవకుండా, ఒకే కాగితం మీద కాల్చండి. తరవాతి పది వేరే కాగితం మీద. ఈసారి ప్రతి తూటా తరవాత బోల్ట్ తెరిచి, రైఫిల్ వదిలి, లేచి నిలబడండి. మళ్లీ పడుకుని, కళ్లు మూసి సహజమైన గురి చూసుకుని, లోడ్ పెట్టి, ఒక్కటి కాల్చండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిది చిన్నగా, రెండోది పెద్దగా ఉంటే రైఫిల్, తూటాలు బాగానే ఉన్నాయి, పడుకున్న ప్రతిసారీ మీరు ఒకేలా కుదరడం లేదు. రెండూ ఒకే పరిమాణంలో పెద్దగా ఉంటే మరలు, కాగితం పరీక్ష, కాళ్ల కింద నేల చూడండి. రెండో కాగితం మీద ప్రతి రంధ్రం పక్కన దాని వరస సంఖ్య పెన్సిల్‌తో రాయండి. అలసట ఎన్నో తూటా నుంచి మొదలవుతోందో దాని మీదే కనిపిస్తుంది, నాకు ఏడోదాని దగ్గర కనిపించేది.